కరిపూర్ కొండ మీది రన్‌వే: మూసివేయాలా, సరిదిద్దాలా?

2020 ఆగస్టు 7, శుక్రవారం రాత్రి. కరోనా కాలంలో గల్ఫ్‌లో చిక్కుకుపోయిన భారతీయులను స్వదేశానికి చేర్చే 'వందే భారత్ మిషన్'లో భాగంగా దుబాయ్ నుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కేరళలోని కరిపూర్ చేరుకున్నది. అందులో 184 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది ఉన్నారు. ప్రయాణికులలో పదిమంది చంటిబిడ్డలు. ఉపాధి కోల్పోయినవారు, నెలల తరబడి ఇంటి ముఖం చూడనివారు, భర్తలను విడిచి బిడ్డలతో తిరిగివస్తున్న తల్లులు ఆ విమానంలో ఉన్నారు. ఆ విమానం తడిసిన రన్‌వే మీద ఆగలేక, దాని చివరను దాటి, కొండ అంచు నుండి క్రింది నేల మీద పడి ముక్కలైంది. పైలట్లిద్దరితో సహా 21 మంది ప్రాణాలు కోల్పోయారు. నూరుమందికి పైగా గాయపడ్డారు.

ఆ నెలలోనే ఒక న్యాయవాది కేరళ హైకోర్టును ఆశ్రయించి, ఈ విమానాశ్రయాన్ని మూసివేయాలని కోరారు. మరోవైపు మలబార్ ప్రజానీకం, 'మా విమానాశ్రయాన్ని మాకు దూరం చేయవద్దు' అని గళమెత్తింది. ప్రాణరక్షణ కోరేవారు ఒకవైపు, ప్రజల అవసరం చెప్పేవారు మరొకవైపు. రెండూ న్యాయమైన మాటలే. అటువంటి చోట తీర్పు చెప్పడం సులభం కాదు. కాని ఈ ప్రశ్న కేవలం కేరళవారిది కాదు. హజ్‌కు, ఉమ్రాకు, గల్ఫ్ ఉద్యోగాలకు విమానమెక్కే ప్రతి కుటుంబానిదీ. కనుక దీనిని నిదానంగా పరిశీలిద్దాం.

కొండను చదునుచేసి పరచిన దారి

కరిపూర్ విమానాశ్రయం మలప్పురం జిల్లాలో ఉన్నది. కోళికోడ్ (కాలికట్) విమానాశ్రయమనే పేరుతో అది ప్రసిద్ధం. 1988 ఏప్రిల్‌లో ప్రారంభమై, 2006లో అంతర్జాతీయ హోదా పొందింది. కొండ పైభాగాన్ని చదునుచేసి రన్‌వే నిర్మించారు. బల్ల మీద పరచిన వస్త్రం అంచు దాటగానే క్రిందికి జారినట్లు, ఈ రన్‌వే చివర దాటగానే నేల క్రిందికి దిగిపోతుంది. అందువలననే ఇటువంటి వాటిని 'టేబుల్‌టాప్' రన్‌వేలు అంటారు. మంగళూరు, మిజోరంలోని లెంగ్‌పుయి, సిమ్లా, సిక్కింలోని పాక్యోంగ్ విమానాశ్రయాలు కూడా ఈ కోవకు చెందినవే.

శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ప్రమాదం నాటికి కరిపూర్ రన్‌వే పొడవు 2,700 మీటర్లు. అంతకుముందు అది 2,860 మీటర్లుండేది. అదుపు తప్పిన విమానం నెమ్మదించి ఆగడానికి రన్‌వే చివర ఖాళీగా ఉంచే నేలను 'రన్‌వే ఎండ్ సేఫ్టీ ఏరియా' అంటారు. అంతర్జాతీయ ప్రమాణాలు దీనికి కనీసం 90 మీటర్లు విధించి, 240 మీటర్లుండటం మేలని సిఫారసు చేస్తాయి. కరిపూర్‌లో ఆ 240 మీటర్ల కోసం అదనపు నేల చేకూరలేదు. అందుచేత ఉన్న రన్‌వేనే కుదించి, ఆ మిగిలిన భాగాన్ని రక్షణ స్థలంగా చూపారు. ఇంటి పైకప్పును కొంత కుదించి, ఆ జాగాలో పిట్టగోడ కట్టినట్లయింది.

ఆ రాత్రి ఏమి జరిగింది?

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ తన నివేదికను 2021 సెప్టెంబరులో వెలువరించింది. దాని సారాంశం ఇది. జోరువానలో దిగడానికి చేసిన మొదటి ప్రయత్నంలో కెప్టెన్ ముందున్న అద్దం తుడిచే వైపర్ పనిచేయకపోయింది. విమానం తిరిగి పైకి లేచింది. రెండవసారి వ్యతిరేక దిశనుండి, అంటే వెనుకగాలితో దిగింది. ఎదురుగాలి విమానం వేగాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది. వెనుకగాలి దానిని ముందుకు నెడుతుంది. చక్రాలు నేలను తాకేసరికి 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు గడిచిపోయాయి. అంటే సగం దారి వెనుకబడిపోయింది. మిగిలిన సగం, అందునా తడిసిన సగం, ఆ వేగానికి చాలలేదు.

నియమాలను పాటించకుండా, స్థిరపడని స్థితిలోనే విమానాన్ని దించడమే ప్రమాదానికి ముఖ్య కారణమని నివేదిక నిర్ధారించింది. 'పైకి లేపండి' అని సహపైలట్ హెచ్చరించినా కెప్టెన్ పాటించలేదని, అప్పుడు సహపైలట్ కూడా నియంత్రణను తన చేతిలోకి తీసుకోలేదని తెలిపింది. మరొక విమానాశ్రయానికి వెళ్ళడానికి సరిపడా ఇంధనం ఉన్నదని పేర్కొన్నది. అంతటితో ఆగక, సంస్థాగత లోపాలను కూడా ఎత్తిచూపింది. కోళికోడ్ స్థావరంలో కెప్టెన్ల కొరత ఉన్నది. మరునాటి ఉదయం అదే కెప్టెన్ మరొక విమానం నడపవలసి ఉన్నది. ఆ రాత్రి దారి మళ్ళితే ఆ విమానం ఆలస్యమయ్యేది. చనిపోయినవారిపై నింద మోపడం మన ఉద్దేశం కాదు. ఆయన వైమానిక దళంలో పనిచేసిన అనుభవజ్ఞుడు. కాని అంతటి అనుభవజ్ఞుడు కూడా పొరపడే అవకాశమున్న చోట, ఆ పొరపాటును భరించగల నేల ఉండాలి కదా?

విధివ్రాత అని చేతులు దులుపుకోవచ్చునా?

ఇటువంటి విషాదం జరిగినప్పుడు మన సమాజంలో వినిపించే మాట ఒకటున్నది: 'అంతా అల్లాహ్ నిర్ణయం. ఎవరి ఆయువు తీరితే వారు పోతారు.' మదరసాలో విద్యార్థులు కూడా ఈ ప్రశ్న అడుగుతుంటారు. తఖ్దీర్‌ను విశ్వసించడం ఈమాన్‌లో భాగం. సందేహం లేదు. అయితే బాధ్యతను వదిలించుకోవడానికి తఖ్దీర్‌ను సాకుగా చూపడం మన పెద్దలు నేర్పిన పద్ధతి కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్‌గ్ అనే చోటికి చేరినప్పుడు, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి, ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయాన్ని వదలి అల్లాహ్ నిర్ణయం వైపే వెళ్తున్నామన్న భావంతో ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో పచ్చిక ఉన్న వైపు, ఎండిన వైపు రెండూ ఉంటే, ఒంటెలను ఎటు తోలినా అది అల్లాహ్ నిర్ణయమే అవుతుందని వివరించారు. పచ్చిక వైపు తోలడం కాపరి ధర్మం. ప్రమాదాన్ని గుర్తించి తప్పుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు, విశ్వాసి వివేకం.

మరొక హదీసు మన విషయానికి మరింత దగ్గరగా ఉన్నది. పిట్టగోడ లేని మేడ మీద రాత్రి నిద్రించేవాడు తన రక్షణను తానే పోగొట్టుకున్నాడనే భావం గల ఉల్లేఖనం అబూ దావూద్‌లో కనిపిస్తుంది. చీకటిలో మనిషి నిద్రమత్తులో రెండడుగులు తప్పుగా వేయవచ్చు. ఆ రెండడుగులు ప్రాణాంతకం కాకుండా ఆపేదే పిట్టగోడ. రన్‌వే చివరనుండే రక్షణ స్థలం చేయవలసిన పని కూడా అదే. పైలట్ తప్పు చేయడన్న నమ్మకంతో దానిని కట్టరు. చేసినా ప్రయాణికులు బ్రతకాలని కడతారు.

మూసివేయమనేవారి వాదం

మూసివేయాలనేవారి వాదాన్ని తేలికగా తీసుకోరాదు. వారి చేతిలో గట్టి ఆధారముంది. కరిపూర్ ప్రమాదానికి పదేళ్ళ ముందు, 2010 మే 22న, మంగళూరులో అదే సంస్థకు చెందిన విమానం, దుబాయ్ నుండే వస్తూ, టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. అక్కడ కూడా విమానం రన్‌వే మీద చాలా దూరం దాటిన తరువాతే నేలను తాకింది. అక్కడ కూడా సహపైలట్ పైకి లేపమని కోరారు. అక్కడ కూడా ఆ మాట చెల్లలేదు.

ఆ దుర్ఘటన తరువాత 2011లో విమాన భద్రతా నిపుణులు కెప్టెన్ మోహన్ రంగనాథన్ కరిపూర్ గురించి హెచ్చరించారు. వర్షంలో, వెనుకగాలితో, పదవ నంబరు దిశలో అక్కడ దిగడం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమన్నది ఆయన హెచ్చరిక సారాంశం. తొమ్మిదేళ్ళ తరువాత సరిగ్గా వర్షంలో, వెనుకగాలితో, అదే దిశలో ఆ ప్రమాదం జరిగింది. తెలిసి కూడా సరిదిద్దని ప్రమాదాన్ని దైవికమని అనగలమా?

ఇంకొక మాట కూడా ఉన్నది. ఈ విమానాలలో ప్రయాణించేవారిలో అధికులు సామాన్యులు. టికెట్ ధర చూసుకొని, సెలవు చూసుకొని ఎక్కుతారు. రన్‌వే పొడవెంత, గాలి ఎటు వీస్తున్నది అని విచారించగల స్థితి వారికి లేదు. వారి తరఫున విచారించవలసినవారు విచారించనప్పుడు, 'మూసివేయండి' అనే గొంతు లేవడం సహజం. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని నేర్పే దివ్య గ్రంథం మన చేతిలో ఉన్నది. షరీఅత్ లక్ష్యాలలో ప్రాణరక్షణకు గల స్థానం ఎంతటిదో మనకు తెలుసు. కనుక ఈ గొంతును నిర్లక్ష్యం చేయరాదు.

మూసివేస్తే భారం ఎవరిపై?

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం. మలబార్ ప్రాంతం నుండి గల్ఫ్‌కు వెళ్ళని కుటుంబం అరుదు. ఆ పల్లెలలో ఇళ్ళు, పాఠశాలలు, మసీదులు, పెళ్ళిళ్ళు, వైద్య ఖర్చులు ఆ సంపాదనపై ఆధారపడి ఉన్నాయి. కేరళ రాష్ట్ర హజ్ కమిటీ కార్యాలయం, హజ్ హౌస్ కరిపూర్‌లోనే ఉన్నాయి. ఆ రాష్ట్రం నుండి హజ్‌కు వెళ్ళేవారిలో అత్యధికులు మలబార్ జిల్లాలవారే.

పెద్ద విమానాలు ఆగిపోతే ఏమవుతుందో వారు ముందే చవిచూశారు. 2015లో రన్‌వే మరమ్మతుల కోసం కరిపూర్‌లో పెద్ద విమానాలను నిలిపివేశారు. ఆ ఏడాది నుండి 2018 వరకు హాజీలందరూ కొచ్చి సమీపంలోని నెడుంబాశేరికి వెళ్ళి విమానమెక్కవలసి వచ్చింది. 2019లో ఆ సౌకర్యం కరిపూర్‌కు తిరిగి వచ్చింది. 2020 ప్రమాదంతో పెద్ద విమానాలు మళ్ళీ ఆగిపోయాయి. 2022లో హాజీలు మళ్ళీ కొచ్చికే వెళ్ళారు. 2023 నుండి కరిపూర్, కన్నూరు, కొచ్చి మూడింటి నుండీ ప్రయాణం మొదలైంది. కాని కరిపూర్‌లో చిన్న విమానాలే దిగగలవు. 2024లో అక్కడి నుండి వెళ్ళే హాజీలపై కన్నూరు, కొచ్చి హాజీల కంటే పదుల వేల రూపాయల అధిక ఛార్జీ పడింది. జీవితమంతా రూపాయి రూపాయి కూడబెట్టిన వృద్ధ దంపతులకు ఆ తేడా ఎంతటి భారమో చెప్పనవసరం లేదు.

కరిపూర్‌ను పూర్తిగా మూసివేస్తే దిక్కు కొచ్చి, లేదా 2018 డిసెంబరులో ప్రారంభమైన కన్నూరు. రెండూ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. ఈ కష్టం తెలుగువారికి కొత్తది కాదు. రాయచోటి నుండి, కడప నుండి, జగిత్యాల నుండి, నిజామాబాద్ నుండి గల్ఫ్‌కు వెళ్ళేవారు శంషాబాద్ చేరడానికి రాత్రంతా బస్సులలోనో, అద్దె కార్లలోనో ప్రయాణిస్తారు. వీడ్కోలు చెప్పడానికి వెళ్ళిన బంధువులు నిద్రలేని డ్రైవరుతో తిరిగివస్తారు. రోడ్డు మీద జరిగే మరణాలు ఒకటి రెండుగా జరుగుతాయి. అందుచేత అవి పెద్ద వార్త కావు. ఆకాశంలో ఒక ప్రమాదాన్ని తప్పించబోయి రోడ్డు మీద మరికొన్నింటిని కొనితెచ్చుకోవడం ప్రాణరక్షణ అవుతుందా అన్నది కూడా ఆలోచించవలసిన ప్రశ్న.

ఇతర చోట్ల ఏమి చేశారు?

ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది మనం మాత్రమే కాదు. 2007 జులై 17న బ్రెజిల్‌లోని సావో పావ్లో నగరంలో, కాంగోన్యాస్ విమానాశ్రయంలో తడిసిన రన్‌వే దాటి ఒక విమానం రోడ్డవతలి భవనాన్ని ఢీకొన్నది. 199 మంది మరణించారు. నగరం నడిబొడ్డున ఉన్న ఆ విమానాశ్రయాన్ని మూసివేయాలని గట్టి డిమాండ్ వచ్చింది. మూయలేదు. కాని పాత పద్ధతిలోనూ నడపలేదు. రాకపోకలపై పరిమితులు విధించారు. తరువాతి సంవత్సరాలలో రన్‌వే చివర విమానాన్ని పట్టి ఆపే ప్రత్యేక ఏర్పాటు చేశారు.

ఆ ఏర్పాటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. తేలికగా నలిగిపోయే కాంక్రీటు దిమ్మెలను రన్‌వే చివర పరుస్తారు. దారి తప్పిన విమానం చక్రాలు వాటిలో కూరుకుపోయి, వేగం తగ్గి ఆగిపోతుంది. 2016 అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మైక్ పెన్స్ ప్రయాణించిన విమానం న్యూయార్క్‌లోని లాగార్డియాలో వానలో రన్‌వే దాటిపోయింది. ఆ దిమ్మెలే దానిని ఆపాయి. ఎవరికీ ప్రాణహాని కలుగలేదు. నేల తక్కువగా ఉన్న చోట అదొక పిట్టగోడ.

2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో చక్రాలు బయటకు రాకుండానే దిగిన విమానం, రన్‌వే ఆవల కాంక్రీటుతో బలపరచిన ఒక దిబ్బను ఢీకొన్నది. 181 మందిలో 179 మంది మరణించారు. ఆ విమానాశ్రయాన్ని నెలల తరబడి మూసి ఉంచారు. దానితోపాటు, దేశంలోని ఇతర విమానాశ్రయాలలో కూడా అటువంటి కాంక్రీటు నిర్మాణాలను గుర్తించి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒక చోట జరిగిన నష్టం నుండి అన్ని చోట్లా పాఠం తీసుకోవడం ఇందులో గమనించదగిన విషయం.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన ఘోరం మన కళ్ళ ముందున్నదే. 260 మంది ప్రాణాలు పోయాయి. విమానాశ్రయం కొన్ని గంటలలోనే తిరిగి తెరుచుకున్నది. అక్కడ విమానం గాలిలోకి లేచిన తరువాత కూలిపోయింది. విమానాశ్రయాన్ని మూసినంత మాత్రాన ప్రయోజనం ఏమీ లేదు. కనుక ప్రమాదం జరిగిన ప్రతిచోటా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మరణాలలో ఆ నేల పాత్ర ఎంత? కరిపూర్‌లో ఆ పాత్ర ఉన్నది. పైలట్ తప్పుతో మొదలైన ప్రమాదాన్ని ఆ కొండ అంచు మరణాల వరకు తీసుకుపోయింది.

హానిని హానితో తొలగించరాదు

ఫిఖ్హ్ పండితులు మనకు అందించిన సూత్రాలలో రెండింటిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హానిని తొలగించి తీరాలన్నది మొదటిది. ఒక హానిని అంతటిదే అయిన మరో హానితో తొలగించరాదన్నది రెండవది. మొదటి సూత్రాన్ని మాత్రమే పట్టుకున్నవారు మూసివేతనే పరిష్కారమనుకుంటారు. రెండవదానిని మాత్రమే పట్టుకున్నవారు ఉన్నదానిని ఉన్నట్లే కొనసాగిస్తారు. రెండింటినీ కలిపి చూసినప్పుడే దారి కనిపిస్తుంది.

ఆ దారి ఇది. కరిపూర్‌ను శాశ్వతంగా మూసివేయవలసిన అవసరం లేదు. కాని అన్ని వేళలా, అన్ని విమానాలకూ అది తెరిచి ఉండనక్కరలేదు. రన్‌వే తడిసి, వెనుకగాలి వీస్తున్నప్పుడు అక్కడ దిగడాన్ని పైలట్ విచక్షణకు వదలరాదు, నిషేధించాలి. రక్షణ స్థలం పూర్తయ్యేవరకు పెద్ద విమానాలను అనుమతించరాదు. ఈ విషయంలో మన హాజీల సౌకర్యం కోసమైనా సరే మినహాయింపు కోరడం తగదు. రక్షణ పనులకు గడువు నిర్ణయించాలి, ఆ గడువును ప్రజలకు బహిరంగంగా తెలియజేయాలి. పిట్టగోడ లేదని మేడను కూల్చుకోం. కాని గోడ కట్టేవరకు పిల్లలను రాత్రివేళ మేడపై పడుకోబెట్టం. ప్రతి తల్లికీ తెలిసిన ఈ వివేకం ప్రభుత్వాలకు కూడా ఉండాలి.

ఇక ఆ గడువులు మీరి, నేలను సరిదిద్దే పని అటకెక్కితే? అప్పుడు మూసివేయమనేవారి మాటే న్యాయమవుతుంది. సరిదిద్దే అవకాశమున్నంతవరకే అవసరం అనే వాదానికి బలం. అవసరాన్ని అడ్డు పెట్టుకొని నిర్లక్ష్యాన్ని కొనసాగించడాన్ని షరీఅత్ అంగీకరించదు.

నేల ఇచ్చినవారు

ఆ రక్షణ స్థలం ఆకాశం నుండి ఊడిపడదు. రన్‌వేను కుదించకుండానే ఇరువైపులా 240 మీటర్లు సమకూర్చడానికి పళ్ళిక్కల్, నెడియిరుప్పు గ్రామాలలో 14.5 ఎకరాల భూమి అవసరమని తేల్చారు. భూమి ఇవ్వకపోతే రన్‌వేను మరింత కుదించవలసి వస్తుందని కేంద్రం 2023లో రాష్ట్రాన్ని హెచ్చరించింది. ఆ ఏడాదే భూసేకరణ ముగిసి, నేలను అప్పగించడం జరిగింది. ఆ తరువాత లోతట్టు నేలను మట్టితో నింపే పని మొదలైంది. ప్రమాదం జరిగిన మూడేళ్ళకు గాని భూమి చేతికి రాలేదన్నది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ ఆలోచించుకోవలసిన విషయం.

ఇక్కడ మనం మరచిపోరాని వారు కొందరున్నారు. ఆ 14.5 ఎకరాలలో ఇళ్ళున్నాయి, బావులున్నాయి, తాతలు నాటిన కొబ్బరిచెట్లున్నాయి. ఇతరుల ప్రాణాలు నిలవడానికి వారు తమ గడపలను వదులుకున్నారు. మసీదు విస్తరణకు కూడా తగిన వెల చెల్లించకుండా స్థలం తీసుకోవడాన్ని మన ఫుఖహాలు ఆమోదించలేదు. విమానాశ్రయానికి కూడా అదే న్యాయం వర్తిస్తుంది. సరైన పరిహారం, సకాలంలో పరిహారం వారి హక్కు. ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

చేయి అందించినవారు

ఆ రాత్రి సంగతి మరొకటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. విమానం కూలిన చప్పుడు విని మొదట పరుగెత్తినవారు కొండోట్టి, కరిపూర్ పరిసర ప్రజలు. ఆ ప్రాంతం అప్పుడు కరోనా కంటైన్‌మెంట్ జోన్. విదేశం నుండి వచ్చినవారిని తాకడానికి సొంత బంధువులే జంకుతున్న రోజులవి. అయినా వారు వానలో, చీకటిలో శకలాల మధ్యకు వెళ్ళి గాయపడినవారిని మోసుకువచ్చారు. సొంత వాహనాలలో ఆసుపత్రులకు చేర్చారు. తల్లిదండ్రులనుండి విడిపోయిన పసిపిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. రక్తదానానికి అర్ధరాత్రి వరుసలు కట్టారు. ఆ తరువాత నిశ్శబ్దంగా క్వారంటైన్‌లోకి వెళ్ళారు.

ప్రమాదం జరిగి రెండేళ్ళయిన సందర్భంలో, ప్రాణాలతో బయటపడినవారు, మృతుల కుటుంబాలు కలిసి, తమకు అందిన పరిహారం నుండి కొంత తీసి, ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి భవనం కట్టించాలని నిర్ణయించుకున్నారు. ఉపకారాన్ని గుర్తుంచుకోవడమంటే ఇదే. అల్లాహ్ ఇరువురి త్యాగాన్నీ స్వీకరించుగాక.

చిన్నవాడి మాట

మంగళూరులోనూ, కరిపూర్‌లోనూ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి చెప్పినది వయసులోనూ, హోదాలోనూ చిన్నవాడైన సహపైలట్. రెండు చోట్లా ఆ మాట పెద్దవారిని ఆపలేకపోయింది. ఇది విమానాలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు, మన ఇళ్ళ సంగతి కూడా.

బద్ర్ యుద్ధ సమయంలో దైవప్రవక్త (స) ఒక చోట విడిది చేయించినప్పుడు, హజ్రత్ హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) ముందుకు వచ్చి, ఇది అల్లాహ్ ఆదేశమా లేక యుద్ధ వ్యూహమా అని సవినయంగా అడిగారు. వ్యూహమేనని తెలిసిన తరువాత, నీటి బావుల దగ్గరి స్థలం మేలని సూచించారు. ప్రవక్త (స) ఆ సూచనను అంగీకరించి విడిదిని మార్చారు. అంతటి మహనీయులు ఒక సహచరుని మాటకు విలువ ఇచ్చారు. మరి కొడుకు, 'అబ్బా, నిద్ర వస్తున్నట్లుంది, కారు కాసేపు ఆపండి' అంటే తండ్రికి ఎందుకు కోపం రావాలి? కోడలు, 'అత్తమ్మా, ఈ మందు తేదీ దాటిపోయింది' అంటే ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? పెద్దల పట్ల గౌరవం నేర్పుతూనే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు గట్టిగా చెప్పడం కూడా గౌరవమేనని మన పిల్లలకు నేర్పాలి.

మనవంతు

విమానాశ్రయం తెరవడం, మూయడం మన చేతిలో లేదు. కాని కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి. ఎక్కగానే సీటు బెల్టు పెట్టుకోవడం, సిబ్బంది చెప్పే సూచనలను ఫోన్ పక్కన పెట్టి వినడం, అత్యవసర ద్వారం ఎటువైపు ఉన్నదో చూసుకోవడం. ఇవన్నీ ఒంటెను కట్టివేసి ఆ తరువాత తవక్కుల్ చేయడంలోకే వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటున్నది. వాతావరణం బాగాలేదని పైలట్ విమానాన్ని మరొక ఊరికి మళ్ళించినప్పుడు విమానంలో ఏమి జరుగుతుందో ప్రయాణం చేసినవారికి తెలుసు. కేకలు, సిబ్బందితో తగవులు, ఫోన్లలో తిట్లు. ఆలస్యమైందని మనం చేసే రభస, మరునాటి విమానం ఆగిపోతుందని సంస్థ పెట్టే ఒత్తిడి, రెండూ చేరేది ఆ పైలట్ మీదికే. ఆ రాత్రి కరిపూర్ విమానం కొచ్చికి మళ్ళి ఉంటే ప్రయాణికులు విసుక్కునేవారేమో. తెల్లవారేసరికి బస్సులలో ఇళ్ళకు చేరేవారు.

కనుక ఈసారి హజ్ నుండో, ఉమ్రా నుండో, గల్ఫ్ నుండో వస్తున్న మీ వారి విమానం దారి మళ్ళిందని తెలిస్తే, ఎవరినీ నిందించకండి. వంట వేడి చేసి ఉంచండి, పిల్లలను పడుకోబెట్టండి. ఆలస్యంగానైనా క్షేమంగా వస్తున్నారని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించండి.